పిడికెడు బియ్యం, ఒక సమాధి: దోర్నకల్‌కు ఎనిమిది రోజుల యాత్ర

డిసెంబర్ 30, సికింద్రాబాద్ నుంచి దోర్నకల్

మా తాత చనిపోయిన తేదీ మా ఇంట్లో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. దోర్నకల్ తొలి బిషప్పు అజరయ్య గారు చనిపోయిన తేదీ మాత్రం చిన్నపిల్లలు సైతం చెబుతారు: 1945 జనవరి 1. కొత్త సంవత్సరం ఆరాధన ముగించుకొని ఇంటికి రాగానే, అందరూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకొనేలోగా, మా నాయనమ్మ "ఇయ్యాల అయ్యగారు పోయిన దినం" అని ఒక్క మాట అని, ఆ తరువాతే పొయ్యి మీద పాయసం గిన్నె పెట్టేది. ఆయన ఆమెకు చుట్టం కాదు, ఊరివాడు కాదు, ఆమె మాట్లాడే భాష ఆయన పుట్టుభాష కూడా కాదు. ఎనభై ఏళ్లు దాటిన తరువాత ఈసారి ఆ రోజును దోర్నకల్‌లోనే గడపాలని, ఆయన తిరిగిన ఊళ్లలో కొన్నింటినైనా చూసి, జనవరి 6న ఎపిఫనీ పండుగ ఆరాధనకు మళ్లీ దోర్నకల్ చేరుకోవాలని మా చిన్నాన్న, నేను బయలుదేరాము.

చిన్నాన్నకు ఎనభై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కనుక కారులో వెళదామని నేను అన్నాను గాని ఆయన ఒప్పుకోలేదు. దోర్నకల్‌కు రైల్లోనే వెళ్లాలన్నాడు. ఆ మాటలో న్యాయముంది. దోర్నకల్ రైలు వల్ల పెరిగిన ఊరు. కాజీపేట నుంచి విజయవాడకు వెళ్లే ప్రధాన మార్గం నుంచి సింగరేణి బొగ్గు గనుల వైపు చీలిన లైను వల్లనే అది జంక్షన్ అయింది. తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళ సువార్తికులు 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో నిజాం రాజ్యంలోని ఈ మూలను తమ పొలంగా, అంటే సువార్త పని చేసే చోటుగా, ఎంచుకున్నప్పుడు, ఇది బయటివాళ్లకు బొగ్గు బండ్లు మారే స్టేషనుగానే తెలుసు.

వరంగల్ దాటాక కిటికీ పక్కన పత్తి చేలు, నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్. చిన్నాన్న ప్రతి స్టేషను పేరూ బోర్డు కనబడకముందే చెప్పాడు. గార్ల దాటగానే సంచి భుజాన వేసుకొని, బండి ఆగడానికి ఇంకా సమయం ఉండగానే తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"నాకప్పుడు ఆరేళ్లురా," అన్నాడు, నేను అడగకుండానే. "మా నాయన అన్నం ముందు కూసున్నడు. కబురొచ్చింది. కంచం అట్లనే జరిపి లేచిండు. చెప్పులు గూడ తొడుక్కోలే. పద్నాలుగు మైళ్లు నడిచి పోయిండు. మల్ల ఎప్పుడొచ్చిండో నాకు యాది లేదు గాని, వచ్చినంక ఎవరితోని మాట్లాడలే."

డిసెంబర్ 31, దోర్నకల్

తెల్లవారగానే కథీడ్రల్ చూడడానికి వెళ్లాము. మెదక్ కథీడ్రల్ చూసిన కళ్లతో ఇక్కడికి వస్తే తేడా వెంటనే తెలుస్తుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ గుడి ఇంగ్లండు నుంచి లేపి తెచ్చి మన పొలాల మధ్య నిలబెట్టినంత గోథిక్ పద్ధతిలో, 173 అడుగుల గోపురంతో ఆకాశంలోకి పొడుచుకొని ఉంటుంది. దాని గొప్పతనాన్ని నేను తగ్గించి చెప్పడం లేదు. కాని దోర్నకల్ గుడిని చూసినప్పుడు ఇది ఎక్కడి నుంచో వచ్చిందని అనిపించదు. గుమ్మటాలు, మినార్ల వంటి బురుజులు మసీదును గుర్తు చేస్తాయి. రాతి స్తంభాల వరుస దేవాలయ మండపాన్ని గుర్తు చేస్తుంది. చెక్కడాల్లో తామర రేకులున్నాయి. ఈ మూడింటినీ చూస్తూ పెరిగిన మనిషి లోపలికి వచ్చి మోకరించినప్పుడు తాను పరాయి ఇంట్లో ఉన్నానని అనుకోకూడదన్నది అజరయ్య గారి ఆశయం. కట్టడం ఏళ్ల తరబడి సాగింది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ నాడు, దీనిని ప్రతిష్ఠించారు. గుడి పేరు కూడా ఎపిఫనీ కథీడ్రలే. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన క్రీస్తు దగ్గరికి బంగారము, సాంబ్రాణి, బోళము పట్టుకొని వచ్చిన సంగతిని తలుచుకొనే పండుగ అది. ఆ కథలో తూర్పువాళ్లు చేయి చాచి రాలేదు, చేతుల్లో పెట్టుకొని వచ్చారు. పేరు ఎంపికలో ఆ ఆలోచన ఉందో లేదో గాని, ఆయన జీవితమంతా చదివిన తరువాత ఇంతకంటే తగిన పేరు నాకు తోచదు.

మధ్యాహ్నం ఆవరణలోని చెట్టు కింద కూర్చొని, ఈ తరం చదువరులకు ఆయన ఎవరో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించాను. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో, ఊరి గురువుగారి కొడుకుగా పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుంచి క్రైస్తవ యువకుల సంఘమైన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగారు. 1902లో సింహళంలోని జాఫ్నాకు వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మనుషులను సువార్తకు పంపడం చూసి, తమ తిరునెల్వేలి సంఘం ఆ పని ఎందుకు చేయలేదని సిగ్గుపడ్డారు. మరుసటి సంవత్సరం 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ ఎంచుకున్న పొలమే దోర్నకల్. మనుషులను పంపమని ఊరూరా చెప్పిన మనిషి చివరికి ఉద్యోగం వదిలి, 1909లో గురువుగా అభిషేకం పొంది, తానే ఇక్కడికి వచ్చేశారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఇంగ్లండు సంఘపు పరంపరకు చెందిన ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. ఆ నియామకం కోసం మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గట్టిగా పట్టుబట్టవలసి వచ్చింది. తెల్ల మిషనరీలలో చాలామంది వద్దన్నారు, భారతీయ క్రైస్తవులలోనూ కొందరు వద్దన్నారు. నా గుండెను నొక్కే సంగతి మరొకటి ఉంది. ఆ 1912 నుంచి 1945లో చనిపోయేవరకు, ముప్పై రెండేళ్లు, ఈ దేశమంతటిలో ఒక ఆంగ్లికన్ డయాసిస్‌కు, అంటే ఒక బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతానికి, అధిపతిగా ఉన్న భారతీయుడు ఆయన ఒక్కడే. తలుపు తెరిచారని మనం సంతోషంగా చెప్పుకుంటాము. ఒకరు లోపలికి వెళ్లగానే ఆ తలుపును మూడు దశాబ్దాలు ఎలా పట్టుకొని ఉంచారో చెప్పుకోము. ఆ ఒంటరితనాన్ని ఆయన ఎక్కడా ఫిర్యాదుగా మార్చుకోలేదు గాని, అది ఉండలేదని ఎలా అనగలం?

రాత్రి వాచ్‌నైట్ ఆరాధనకు గుడి నిండిపోయింది. పన్నెండు గంటలకు గంట మోగినప్పుడు పిల్లలు బయటికి పరుగెత్తారు. చిన్నాన్న కూర్చున్నచోటనే కళ్లు మూసుకొని ఉన్నాడు. నాకు మా నాయనమ్మ పాయసం గిన్నె గుర్తుకు వచ్చింది.

జనవరి 1, దోర్నకల్

ఉదయపు మంచు ఇంకా విడవకముందే సమాధి దగ్గరికి వెళ్లాము. తాను కట్టించిన గుడి పక్కనే, తాను నడిచిన నేలలోనే ఆయనను ఉంచారు. మేము తెచ్చిన బంతిపూలు పెట్టాము. మాకంటే ముందే ఎవరో వచ్చి రెండు మందార పూలు పెట్టి వెళ్లారు. ఎవరో తెలుసుకోవాలని నేను అటూ ఇటూ చూశాను గాని చిన్నాన్న చేయి పట్టి ఆపాడు. పెట్టినవాళ్లు చెప్పుకోవాలనుకుంటే ఇక్కడే ఉండేవాళ్లని ఆయన ఉద్దేశం.

1944 డిసెంబరులో కూడా ఆయన ఊళ్ల పర్యటన మానలేదు. డెబ్బై ఏళ్లు నిండిన మనిషి, తిరిగి వచ్చి జ్వరంతో పడుకొని, సంవత్సరపు మొదటి రోజున కన్నుమూశారు. ఆయన ఎంతో కష్టపడిన సంఘ ఐక్యత అప్పటికి ఇంకా కాగితం మీదే ఉంది. 1919లో తరంగంబాడిలో ముప్పైమందికి పైగా గురువులు, పెద్దలు కూడి, పడమటి దేశాల తగాదాల వల్ల పుట్టిన చీలికలను మనం ఎందుకు మోయాలని ప్రశ్నించినప్పుడు ఆ సమావేశానికి ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. ఇరవై ఎనిమిదేళ్ల చర్చల తరువాత 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఆవిర్భవించింది. ఇంకో రెండేళ్ల తొమ్మిది నెలలు బతికి ఉంటే చూసేవారు. ఇవాళ మన ఊళ్లలో సి.ఎస్.ఐ. అనే మూడక్షరాలు రాసి ఉన్న ప్రతి గుడి బోర్డు వెనుక ఆయన చమట కొంత ఉంది.

సమాధి దగ్గర కూర్చొని నేను 1910 నాటి ఎడిన్‌బరో ప్రసంగాన్ని చిన్నాన్నకు చదివి వినిపించాను. ప్రపంచ మిషనరీ మహాసభ అది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులలో ఆసియా నుంచి వచ్చినవారు ఇరవైమంది లోపే. అప్పటికి బిషప్పు కూడా కాని ముప్పై అయిదేళ్ల అజరయ్య గారు, తమకు మేలు చేసినవారి ముఖం మీదే, మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్నది యజమానికీ పనివాడికీ మధ్య ఉండే సంబంధమే తప్ప స్నేహం కాదని చెప్పారు. ఒకే పొలంలో ఏళ్ల తరబడి పనిచేసినా ఒకరి ఇంట్లో ఒకరు కూర్చొని భోజనం చేయని స్థితిని ఎత్తి చూపారు. చివరి మాటలు ఇవి: "బీదల పోషణకు మీ ఆస్తిని ఇచ్చారు. కాల్చబడడానికి మీ శరీరాలను అప్పగించారు. మేము ప్రేమను కూడా అడుగుతున్నాము. మాకు స్నేహితులను ఇవ్వండి!" కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం తెలిసినవారికి ఆ మాటల బరువు వేరే చెప్పనక్కరలేదు. ఆస్తి అంతా ఇచ్చినా, శరీరాన్ని కాల్చబడడానికి అప్పగించినా, ప్రేమ లేకపోతే ప్రయోజనమేమీ లేదని ఆ అధ్యాయం చెబుతుంది. ఆ వాక్యాన్ని మిషనరీలే మనకు నేర్పారు. దాని రెండో సగాన్ని ఆయన వాళ్లకు అప్పజెప్పారు.

చిన్నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "గట్ల అడగాలంటే దమ్ముండాలె," అన్నాడు.

జనవరి 2, మా తాత పనిచేసిన పల్లె

ఆటో మాట్లాడుకొని పొద్దున్నే బయలుదేరాము. ఈ పల్లె పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ విన్న సంగతులలో కొన్ని ఇంకా బతికి ఉన్న కుటుంబాలవి. చెరువు కట్ట దాటి, ఎర్రబడుతున్న మిరప చేల మధ్య నుంచి దారి. ఊరి చివర రెండు వరుసల ఇళ్లు, మధ్యలో రేకుల కప్పు వేసిన చిన్న గుడి. గుడి ముందు చింతచెట్టు ఇంకా ఉంది.

మా తాత ఈ పల్లెకు ఉపదేశకుడు. ఉదయం పిల్లలకు అక్షరాలు, సాయంత్రం పెద్దలకు ప్రార్థన, మధ్యలో రోగులకు మందు, తగాదాలకు మధ్యవర్తిత్వం. దోర్నకల్ డయాసిస్ నిలబడింది ఇటువంటి వందలాది ఉపదేశకుల మీద, వాళ్ల భార్యల మీద. బిషప్ గారి భార్య అన్బు మరియమ్మాళ్ గారు స్త్రీల మధ్య చేసిన పని కూడా ఆ నిర్మాణంలో సగం బరువు మోసింది. భార్యాభర్తలిద్దరికీ కలిపి తర్ఫీదు ఇచ్చి ఊరికి పంపాలన్న పద్ధతిలో నాకు చాలా తెలివి కనబడుతుంది, ఎందుకంటే మా నాయనమ్మ లేకపోతే మా తాత మాట ఈ పల్లెలో ఏ ఇంటి గడపా దాటేది కాదు.

మా తాత మాల కుటుంబంలో పుట్టినవాడు. ఆయనను పంపింది మాదిగ పల్లెకు. ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద సంగతో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. పై కులాలు ఇద్దరినీ ఒకే దూరంలో ఉంచినా, ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరం కూడా తక్కువేమీ కాదు. క్రైస్తవులైన తరువాత సైతం వేరే గుడి, వేరే బావి కావాలన్నవాళ్లు ఉన్నారు. అజరయ్య గారు దానికి ఒప్పుకోలేదు. ఒకే బల్ల, ఒకే గిన్నె అన్నారు. ఆ పట్టుదల ప్రతిచోటా గెలిచిందని నేను చెప్పలేను, ఇవాళ మన సంఘాల ఎన్నికలు చూస్తున్నవాళ్లెవరూ చెప్పలేరు. మా ఇంట్లో కూడా అది ఒక్కరోజులో గెలవలేదు. వచ్చిన కొత్తలో మూడు రోజులు తాను ఈ పల్లెవాళ్ల కుండలోని నీళ్లు ముట్టలేదని, నాలుగో రోజు జ్వరం వచ్చి పడుకుంటే పక్కింటి తల్లి తల ఎత్తి గంజి పోసిందని, తాగేశానని మా నాయనమ్మ ముసలితనంలో చెప్పి ఏడ్చేది. తాగినందుకు కాదు, మూడు రోజులు తాగనందుకు.

చింతచెట్టు కింద చిన్నాన్న ఆగాడు. పెద్ద గుడి లేని ఆ రోజుల్లో బిషప్ గారు పర్యటనకు వచ్చినప్పుడు ఇక్కడే ఆరాధన జరిగిందని, మా తాత సిద్ధపరచినవాళ్లకు ఇక్కడే కన్‌ఫర్మేషన్ (తల మీద చేతులుంచి విశ్వాసంలో స్థిరపరచే ఆరాధన) ఇచ్చారని ఇంట్లో చెప్పుకొనేవారు. అజరయ్య గారి సంఘాల్లో ఒక పద్ధతి ఉండేది. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తల మీదే పెట్టుకొని, పౌలు మాటను తమ మాటగా పలకాలి: "నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ." అక్షరం రాని కూలీలు, వెట్టి చేసేవాళ్లు, ఎవరూ మనుషులుగా లెక్కపెట్టనివాళ్లు, ఈ చెట్టు కింద నిలబడి, ఇతరులకు ఇవ్వవలసినది తమ దగ్గర ఒకటి ఉందని, ఇవ్వకపోతే తప్పు తమదేనని ప్రమాణం చేశారు. ఆయన పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నాకు ఎప్పటినుంచో అనిపిస్తుంది. జాలిపడి పెట్టేవాళ్లు అంతకుముందూ ఉన్నారు, తరువాతా వచ్చారు. ఏమీ లేనివాడిని పట్టుకొని, నీవు ఇచ్చేవాడివి, నీ మీద ఒక భారం ఉంది అని చెప్పినవాళ్లు తక్కువ.

ఆ లెక్కలోనే ఆయన నాలుగు దయ్యాల గురించి ఊరూరా చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. వాటిని వెళ్లగొట్టడానికి దొరలు రావాలని కాదు, మీరే వెళ్లగొట్టాలని. ఆ లెక్కలోనే కానుకల గురించి పుస్తకం రాశారు; బీద సంఘం తన కాళ్ల మీద తాను నిలబడడం ఆయనకు జమాఖర్చుల సంగతి కాదు, విశ్వాసపు సంగతి. ఆయన బిషప్పు అయిన ఏడాది ఈ డయాసిస్ ప్రాంతంలో యాభై ఆరు వేల చిల్లరగా ఉన్న క్రైస్తవులు 1941 నాటికి రెండు లక్షలు దాటారు. ఆ పెరుగుదలకు కారణమేమిటని చాలామంది చాలా రాశారు. ఈ చెట్టు కింద నిలబడితే నాకు ఒక్కటే తోస్తుంది. తల మీద చేయి పెట్టుకొని ప్రమాణం చేసినవాళ్లు వెళ్లి చుట్టాలకు చెప్పారు.

పల్లెలో ఒక ముసలమ్మ మమ్మల్ని ఇంటికి పిలిచింది. చిన్నాన్న ఎవరి కొడుకో చెప్పగానే ఆమె ఆయన గడ్డం పట్టుకొని, "పంతులయ్య చిన్నకొడుకువా నువ్వు?" అంది. టీ ఇచ్చింది. పొయ్యి గూటి పక్కన మూత పెట్టిన ఒక స్టీలు డబ్బా ఉంది. దానివైపు నేను చూడడం గమనించి, వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి అందులో వేస్తానని, తన అత్త చేసేదని, అత్తకు అత్త చేసేదని చెప్పింది. మా నాయనమ్మ కూడా చనిపోయే ముందు వారం దాకా చేసింది. నెలాఖరున అది గుడికి పోతుంది.

మేము ఎపిఫనీకి దోర్నకల్ వెళుతున్నామని విని, ఆమె ఆ డబ్బాలోని బియ్యాన్ని గుడ్డ సంచిలో పోసి చిన్నాన్న చేతికిచ్చింది. పెద్ద గుళ్లో పెట్టమంది. ఆమె ఒంటరిగా ఉంటోంది, పింఛను మీద బతుకుతోంది. నేను ఆలోచించకుండా జేబులోంచి డబ్బు తీశాను. చిన్నాన్న నా చేయి గట్టిగా నొక్కాడు. ఆమె చూడనట్టుగా ముఖం తిప్పుకొంది. తిరుగు దారిలో ఆటోలో చాలాసేపటికి, "ఆమె ఇచ్చేటప్పుడు నువ్వు కొనబోయినవురా," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

జనవరి 3, ఖమ్మం

చిన్నాన్న మోకాలు వాచడం వల్ల ఈ రోజంతా ఖమ్మంలో చుట్టాలింట్లో ఉండిపోయాము. సాయంత్రం మున్నేరు దాకా నేను ఒక్కడినే వెళ్లి వచ్చాను.

రాత్రి భోజనాల దగ్గర చుట్టాల అబ్బాయి ఒకడు, చదువుకున్నవాడు, గాంధీజీ అజరయ్య గారి పని నచ్చక విమర్శించారు కదా అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. 1930లలో దళితుల మతమార్పిడి గురించి దేశమంతా వాదన నడిచింది. అక్షరం రాని బీదలకు మతాల మంచిచెడ్డలు ఎంచుకొనే శక్తి ఎక్కడిదని, వాళ్ల మధ్య చేసే ప్రచారం సరి కాదని గాంధీజీ భావన. అజరయ్య గారు ఆ బీదల మధ్య ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. వాళ్లకు ఆత్మ ఆకలి ఉందని, దేవుడి గురించి తీర్పు చేసుకొనే శక్తి ఉందని ఆయన అనుభవం. ఇద్దరూ బీదలను ప్రేమించినవాళ్లే. కాని ఈ ఒక్క విషయంలో నేను మా తాత పక్షాన నిలబడతాను, ఎందుకంటే ఎంచుకొన్నవాడు ఆయన. ఎవరో తన తరఫున ఎంచారని ఆయన ఏనాడూ అనలేదు.

అదే అజరయ్య గారు క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దని గట్టిగా వాదించారు. 1932లో కమ్యూనల్ అవార్డు వచ్చి దేశంలో కులమతాల వారీగా సీట్లు పంచుతున్నప్పుడు, సంఘం ఓట్ల మూటగా మారితే సువార్త చచ్చిపోతుందని ఆయన భయపడ్డారు. తనకు రాజకీయ లాభం తెచ్చే దారిని తానే మూసుకొన్న మనిషిని పట్టుకొని, సంఖ్యల కోసం మతం మార్చాడనడం న్యాయం కాదు. ఆ అబ్బాయి ఒప్పుకున్నాడో లేదో తెలియదు, చాలాసేపు మాట్లాడుకున్నాము.

జనవరి 4, మచిలీపట్నం

విజయవాడలో బండి మారి గుడివాడ మీదుగా బందరు. చిన్నాన్నను ఖమ్మంలో వదిలి రావలసి వచ్చింది.

బందరు రావడానికి కారణముంది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు గురువులు ఇక్కడ దిగడంతో తెలుగునాట సి.ఎమ్.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) పని మొదలైంది. 1843లో నోబుల్ మొదలుపెట్టిన బడి పెరిగి నోబుల్ కాలేజీ అయింది; ఆయన 1865లో ఈ ఊళ్లోనే చనిపోయారు. దోర్నకల్‌కు అరవై ఏళ్ల ముందే విత్తనం పడిన నేల ఇది. 1920ల తొలినాళ్లలో ఈ కృష్ణా ప్రాంతపు సంఘాలను దోర్నకల్ డయాసిస్‌లో కలిపారు. అంటే, ఇంగ్లండు నుంచి వచ్చి తరతరాలుగా ఇక్కడ పెద్దలుగా ఉన్న మిషనరీలు, కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్‌లలో చదివినవాళ్లు, ఒక తిరునెల్వేలి పల్లె గురువు కొడుకు చేతి కిందికి వచ్చారు. రాజ్యం ఇంకా వాళ్లదే. గుళ్లో మాత్రం వాళ్లు ఆయన ముందు మోకరించారు.

సాయంత్రం పాత గుడి ఆవరణలో సముద్రపు గాలికి నిలబడి ఆ మార్పును ఊహించుకోవడానికి ప్రయత్నించాను. కొందరికి కష్టమయి ఉంటుంది. కాని చాలామంది ఆయనతో కలిసి చివరిదాకా పనిచేశారు. ఆయనకు సహాయ బిషప్పుగా ఉండి, ఆయన తరువాత దోర్నకల్ పీఠంలో కూర్చొన్న ఎలియట్ గారు తెల్లవాడే. ఎడిన్‌బరోలో 1910లో అడిగిన స్నేహితులు ఆయనకు కొందరైనా దొరికారని ఇక్కడ నిలబడితే నమ్మాలనిపిస్తుంది.

జనవరి 5

తిరుగు ప్రయాణం. ఖమ్మంలో చిన్నాన్న స్టేషనుకు ముందే వచ్చి బల్ల మీద కూర్చొని ఉన్నాడు. బియ్యం సంచి ఒళ్లో ఉంది. ఖమ్మం నుంచి దోర్నకల్ పాతిక కిలోమీటర్ల లోపే. చీకటి పడకముందే చేరాము.

జనవరి 6, దోర్నకల్

పండుగ ఆరాధనకు ముందు మేము మరొకసారి సమాధి దగ్గరికి వెళ్లాము. మేము పెట్టిన బంతిపూలు వాడిపోయాయి. వాటి మీద తాజా పూలు ఉన్నాయి.

గుళ్లో మత్తయి సువార్త రెండో అధ్యాయం చదివారు. జ్ఞానులు తమ పెట్టెలు విప్పిన వాక్యం వచ్చినప్పుడు నేను స్తంభాల వైపు చూస్తూ ఉన్నాను. ఎనభై ఏడేళ్ల కిందట ఇదే పండుగ నాడు, ఈ స్తంభాల మధ్య మొదటిసారి పాట లేచినప్పుడు, అరవై నాలుగేళ్ల అజరయ్య గారు ఎక్కడ నిలబడి ఉంటారు? మా తాత ఆ రోజు వచ్చాడా? వచ్చాడనే చిన్నాన్న అంటాడు. మా నాయనమ్మ నిండు నెలల మీద ఉందట, ఆ కడుపులో ఉన్నది తానేనట.

కానుకల సమయంలో డబ్బు సంచి వరుసల్లో తిరిగింది. ధాన్యం, బియ్యం తెచ్చినవాళ్లు ముందుకు రావచ్చన్నారు. కొద్దిమందే లేచారు. చిన్నాన్న నా భుజం పట్టుకొని లేచాడు. నడవ పొడవునా ఆ మోకాలితో మెల్లగా నడిచి వెళ్లి, బల్ల ముందు పరిచిన చాప దగ్గర వంగి, గుడ్డ సంచి మూతి విప్పి బియ్యం పోశాడు. ఆమె పిడికిళ్లు ఎన్నో అందులో ఉన్నాయి. ఒక్క క్షణం విడిగా కనబడి, అవి మిగతా బియ్యంలో కలిసిపోయాయి.

తిరిగి వచ్చి కూర్చొన్నాక ఖాళీ సంచిని నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఆమెకు పంపియ్యాలెరా, మల్ల నెలకు కావాలె గద," అన్నాడు.